క్రాన్‌లో నడిపితే తెలుగు పోతోంది, టెర్మినల్‌లో బాగానే ఉంది: కన్వర్షన్ స్క్రిప్ట్, లోకేల్ గొడవ

[1] పాతకాగితాలు

నమస్కారం అండీ. తెలుగు వ్యాసాల పెద్ద గుట్ట ఒకటి నా నెత్తిన పడింది. కొన్ని టెక్స్ట్, కొన్ని హెచ్‌టీఎమ్‌ఎల్, కొన్ని వర్డ్ ఫైళ్లు. అన్నిటినీ పీడీఎఫ్, ఈపబ్ చేయాలి. పైథాన్ స్క్రిప్ట్ రాసుకున్నాను, అది ఫైల్‌ని బట్టి పాన్‌డాక్, లిబ్రేఆఫీస్ అనే ప్రోగ్రామ్‌లలో ఒకదాన్ని మార్పిడికి పిలుస్తుంది.

నా ల్యాప్‌టాప్ టెర్మినల్‌లో నడిపితే ఏ పేచీ లేదు. అదే స్క్రిప్ట్ సర్వర్ మీద, డాకర్ కంటైనర్‌లో (విడిగా కట్టిన చిన్న లైనక్స్ పెట్టె), రాత్రిపూట క్రాన్ (వేళకి పనులు నడిపేది) కింద నడిస్తే పొద్దున్నే తలనొప్పి. మూడు రకాలుగా చెడుతోంది.

తెలుగు ఉన్న టెక్స్ట్ ఫైల్ తెరవగానే స్క్రిప్ట్ చచ్చిపోతుంది. 'ఆస్కీ కోడెక్‌తో 0ఎక్స్‌ఈ0 అనే బైట్ డీకోడ్ కాదు' అని ఎర్రర్. ఇది మొదటిది.

రెండోది, విండోస్ మెషీన్ మీద ఒకాయన శుభ్రం చేసి పంపిన ఫైళ్లలో తెలుగే లేదు. నెత్తిన గీత ఉన్న లాటిన్ 'ఎ', పక్కన ° గుర్తు, ఇంకో గుర్తు, మళ్లీ ఆ 'ఎ', పక్కన ± గుర్తు... పేజీలకి పేజీలు ఇదే.

మూడోది వెబ్ పేజీలో. 'నివేదిక.డాక్స్' అని అప్‌లోడ్ చేస్తే కన్వర్టర్‌కి ఉత్త '.డాక్స్' అని చేరుతోంది. పేరు ఎవరు మింగేశారో అర్థం కావట్లేదు.

మూడూ ఒకే జబ్బా?

[2] బైటుబాబాయి

మూడు జబ్బులు, కానీ దగ్గరి చుట్టాలు. ఒక్కోటి విడిగా పట్టుకోవాలి.

ముందు మొదటిది. క్రాన్ పనిలో స్క్రిప్ట్‌కి ముందు 'లోకేల్' కమాండ్ (అక్షరాలు, అంకెలు, వరస ఏ పద్ధతిలో ఉన్నాయో చూపేది) పెట్టి, అవుట్‌పుట్ ఒక ఫైల్‌లోకి పంపండి. ల్యాప్‌టాప్‌లో కూడా అదే కమాండ్ కొట్టండి. రెండూ పక్కపక్కన పెట్టి ఇక్కడ చెప్పండి. పైథాన్ ఏ వెర్షనో కూడా.

[3] పాతకాగితాలు

ల్యాప్‌టాప్‌లో అన్నీ 'టీఈ_ఐఎన్'. క్రాన్ కింద 'ల్యాంగ్' ఖాళీ, మిగతావన్నీ 'పోసిక్స్'. డాకర్‌ఫైల్‌లో ల్యాంగ్ పెట్టానే మరి?

కంటైనర్‌లో పైథాన్ 3.6. పాత ఇమేజ్, మార్చే అధికారం నాకు లేదు.

[4] బైటుబాబాయి

దొరికింది. డాకర్‌ఫైల్‌లో పెట్టిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ సాధారణంగా క్రాన్ నడిపే పనులదాకా రావు. క్రాన్ తన సొంత, దాదాపు ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో పని మొదలుపెడుతుంది, షెల్ ప్రొఫైల్ చదవదు. ల్యాంగ్ లేకపోతే 'సీ' లోకేల్, అదే పోసిక్స్. ఎన్‌కోడింగ్ (ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పే పద్ధతి) చెప్పకుండా మీరు ఫైల్ తెరిస్తే పైథాన్ లోకేల్‌ని అడుగుతుంది, లోకేల్ ఆస్కీ అంటుంది, అంటే ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఉన్న పాత పద్ధతి. తెలుగు అక్షరం ఏదైనా యూటీఎఫ్-8లో (అన్ని భాషలూ పట్టే ఎన్‌కోడింగ్) ఈ0 అనే బైట్‌తోనే మొదలవుతుంది కాబట్టి మొదటి తెలుగు అక్షరం దగ్గరే ఠపీమని ఆగిపోయింది.

2018లో వచ్చిన 3.7 నుంచి పైథాన్ తెలివిమీరింది. సీ లోకేల్ కనబడితే తనే యూటీఎఫ్-8కి మారిపోతుంది. మీ 3.6కి ఆ తెలివి లేదు.

మందు రెండు చోట్ల వేయాలి. క్రాన్‌ట్యాబ్ పైలైన్‌లో ల్యాంగ్ పెట్టండి. అంతకంటే ముఖ్యం, స్క్రిప్ట్‌లో 'ఓపెన్' అన్న ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. రెండోది చేస్తే ఫైళ్లు చదవడానికి ఇక లోకేల్ దయ అక్కర్లేదు.

[5] కమాండ్‌కనకం

ఇంత పురాణం దేనికండీ? స్క్రిప్ట్ నెత్తిన 'ఎల్‌సీ_ఆల్=ఈఎన్_యూఎస్.యూటీఎఫ్-8' అని ఎక్స్‌పోర్ట్ చేసి పడేయండి. నేను ప్రతి సర్వర్‌లో చేసేది ఇదే.

[6] బైటుబాబాయి

కనకం గారూ, ఆ లోకేల్ కంటైనర్‌లో ఉండాలి కదా! సన్నపాటి ఇమేజ్‌లలో ఈఎన్_యూఎస్ ఉండదు. లేని పేరు చెబితే లోకేల్ సెట్ కాదు, ప్రోగ్రామ్ నోరెత్తకుండా సీ లోకేల్‌లోనే ఉండిపోతుంది. పెర్ల్ అయితే పెద్దగా మొత్తుకుంటుంది, మిగతావాటిలో చాలావరకు కిమ్మనవు. 'లోకేల్ -ఎ' కొడితే ఏవి ఉన్నాయో కనబడతాయి.

సీ.యూటీఎఫ్-8 పెట్టుకుంటే మేలు. డెబియన్ వాళ్లు ఎప్పటినుంచో ఇస్తున్నారు, 2022లో వచ్చిన గ్లిబ్‌సీ (లైనక్స్ మూల లైబ్రరీ) 2.35 నుంచి అసలు గ్లిబ్‌సీలోనే చేరింది.

[7] దశాంశం

ఒక్క మాట. ఎల్‌సీ_ఆల్ అనేది మిగతా అన్నిటినీ తొక్కేస్తుంది. ముందు ఎల్‌సీ_ఆల్, అది లేకపోతే ఎల్‌సీ_సీటైప్, ఎల్‌సీ_న్యూమరిక్ లాంటి విడివిడివి, అవీ లేకపోతే ల్యాంగ్. ఇదీ వరస. మనకి కావలసింది అక్షరాల సంగతి, అంటే ఎల్‌సీ_సీటైప్ ఒక్కటే. దానికోసం అంకెల పద్ధతి, వరస పద్ధతి, తేదీల పద్ధతి అన్నీ మార్చేయడం ఎందుకు?

అంకెల దగ్గర ఏమవుతుందో చూడండి. జర్మన్, ఫ్రెంచ్ లోకేళ్లలో దశాంశానికి చుక్క ఉండదు, కామా ఉంటుంది. సీ భాషలో రాసిన కన్వర్టర్ మొదలవుతూనే సిస్టమ్ లోకేల్‌ని ఎత్తుకుంటే, ఆ తర్వాత ప్రింట్‌ఎఫ్‌తో రాసే ప్రతి భిన్నమూ కామాతో పడుతుంది. ఎస్‌వీజీ బొమ్మలో గీత మందం 0.5 ఉండాల్సింది 0,5 అవుతుంది. ఎస్‌వీజీలో కామా రెండు అంకెల మధ్య విభజన కిందికి వస్తుంది కాబట్టి ఒక అంకె రెండు అంకెలుగా చీలి బొమ్మ చిందరవందర. పీడీఎఫ్ లోపలి కమాండ్లలో అయితే అది చెల్లని అంకె. ఒకచోట బ్రహ్మాండంగా నడిచే కన్వర్టర్ ఇంకో దేశపు సెట్టింగ్‌లో పేజీలు ఖాళీగా ఇస్తోందంటే నేను ముందు చూసేది ఇదే.

చదివేటప్పుడూ అంతే. '1.5' అన్నదాన్ని కామా లోకేల్‌లో స్ట్రిటాడ్ (పాఠాన్ని అంకెగా మార్చే సీ ఫంక్షన్) చదివితే చుక్క దగ్గరే ఆగి 1 అని తెచ్చిస్తుంది. ఎర్రర్ రాదు, లైన్‌ స్పేసింగ్ మాత్రం మారిపోతుంది.

[8] కమాండ్‌కనకం

దశాంశం గారూ, ఎల్‌సీ_ఆల్‌కి సీ.యూటీఎఫ్-8 పెడితే అంకెలు సీ పద్ధతిలోనే, చుక్కతోనే వస్తాయి. అప్పుడు మీ అభ్యంతరం ఎక్కడుంది?

[9] దశాంశం

అంకెలవరకు లేదు. వరస దగ్గర ఉంటుంది. పాతకాగితాలు గారికి పదసూచిక ఉంటే ఆయనే వచ్చి చెబుతారు, చూడండి.

[10] వత్తుపొల్లు

రెండో జబ్బు గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అక్కడ అక్షరాలు నిజంగానే పోతాయి.

యూనికోడ్‌లో తెలుగు బ్లాక్ యూ+0సీ00 నుంచి యూ+0సీ7ఎఫ్ దాకా. యూటీఎఫ్-8లో ఒక్కో కోడ్‌పాయింట్‌కి (ఒక్కో గుర్తుకి యూనికోడ్ ఇచ్చిన నంబర్) మూడేసి బైట్లు. మొదటిది ఎప్పుడూ ఈ0. రెండోది బీ0 లేదా బీ1, ఈ రెండు తప్ప ఇంకోటి రాదు. ఆ బైట్లని విండోస్-1252గా (పశ్చిమ యూరప్ భాషల పాత విండోస్ ఎన్‌కోడింగ్) చదివితే ఈ0 అనేది గీత ఉన్న 'ఎ', బీ0 అనేది °, బీ1 అనేది ±. కాబట్టి ° ± వరసలు కనబడితే కళ్లు మూసుకుని చెప్పొచ్చు, ఇది యూటీఎఫ్-8 తెలుగు, ఎవరో 1252 అనుకుని చదివారు అని.

ఇక్కడిదాకా అయితే వెనక్కి తిప్పొచ్చు. అసలు తిరకాసు 1252లో ఐదు బైట్లకి అక్షరమే లేకపోవడం: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. తెలుగులో వీటితో ముగిసేవి ఏవో చూడండి.

ఉకారపు కొమ్ము: ఈ0 బీ1 81.
పొల్లు: ఈ0 బీ1 8డీ. అంటే ప్రతి వత్తులోనూ ఇది ఉంటుంది.
ఏ: ఈ0 బీ0 8ఎఫ్. ఐ: ఈ0 బీ0 90. ఝ: ఈ0 బీ0 9డీ. అరసున్న: ఈ0 బీ0 81.

'తెలుగు' అన్న మాటనే తీసుకోండి. ఆరు కోడ్‌పాయింట్లు, పద్దెనిమిది బైట్లు, అందులో రెండు 81లు. పైథాన్ 1252తో గట్టిగా చదివితే మొదటి 81 దగ్గరే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆగితే అదృష్టం. ఆ ఎర్రర్ విసుగనిపించి ఎవరైనా 'ఎర్రర్స్=ఇగ్నోర్' అని రాస్తే ఆ బైట్లు గాల్లో కలుస్తాయి. తర్వాత మీరు వెనక్కి తిప్పబోతే 'ల' తర్వాత ఈ0 బీ1 అని రెండే ఉంటాయి, మూడోది లేదు. పోయింది కొమ్మా, పొల్లా? 'పాలు' అని ఉండేదా, 'పాల్' అని ఉండేదా? బీ1 తర్వాత ఖాళీ అయితే ఆ రెండింట్లో ఒకటని ఊహించవచ్చు, నిఘంటువు పెట్టి చాలావరకు సరిదిద్దవచ్చు. పేర్ల దగ్గర మాత్రం అదీ కుదరదు.

బ్రౌజర్లు వేరుగా చేస్తాయి. వెబ్ ప్రమాణం ప్రకారం ఆ ఐదింటినీ కనబడని కంట్రోల్ అక్షరాలుగా ఉంచుతాయి, పారేయవు. అందుకే బ్రౌజర్‌లో పాడైన పాఠం తరచూ పూర్తిగా బాగవుతుంది.

పాతకాగితాలు గారూ, ఆ విండోస్ ఆయన స్క్రిప్ట్‌లో 'ఇగ్నోర్' ఉందేమో అడగండి. ఉంటే ఆ ఫైళ్లు బాగుచేయడానికి కూర్చోవద్దు, అసలువి మళ్లీ తెప్పించుకోండి.

[11] పాతకాగితాలు

ఉంది! 'ఎర్రర్స్=ఇగ్నోర్' అక్షరాలా ఉంది. అసలు ఫైళ్లు ఆయన దగ్గర భద్రంగానే ఉన్నాయట, బతికాం.

మరి ఇకముందు వచ్చే ఫైల్ బాగుందో లేదో కన్వర్టర్‌కి ఇచ్చేముందే తెలుసుకోవడం ఎలా?

[12] వత్తుపొల్లు

ఐకాన్వ్ అనే ఎన్‌కోడింగ్ మార్చే కమాండ్‌తో యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే మార్చమనండి, అవుట్‌పుట్ పారేయండి. చెల్లని బైట్ ఉంటే ఏ స్థానంలో ఉందో చెప్పి తప్పుకుంటుంది. 'ఇగ్నోర్' మాట ఇక్కడ కూడా వాడొద్దు. అయితే రెండుసార్లు ఎన్‌కోడ్ అయిన (1252 అనుకుని చదివి మళ్లీ యూటీఎఫ్-8లో రాసిన) ఫైల్ చెల్లే యూటీఎఫ్-8గానే కనబడుతుంది, ఐకాన్వ్ దాన్ని పట్టుకోలేదు. దానికి వేరే పరీక్ష: తెలుగు ఫైల్ అని తెలిసినదాంట్లో తెలుగు బ్లాక్ అక్షరాల కంటే ° ± ఎక్కువ ఉంటే పక్కన పెట్టేయడమే.

పాన్‌డాక్ లోపలికీ బయటికీ యూటీఎఫ్-8 తప్ప ఇంకోటి ఒప్పుకోదు, మార్చి ఇవ్వడం మన పని అని దాని మాన్యువల్‌లోనే ఉంది. నా మటుకు అదే మంచి పద్ధతి. ఏ ఎన్‌కోడింగో తనే ఊహించే కన్వర్టర్ అంటే నాకు భయం.

[13] కిటికీలవాడు

విండోస్‌లో పనిచేసేవాళ్లకి ఇంకో గుంట ఉంది. పవర్‌షెల్ 5.1లో అవుట్‌పుట్‌ని > గుర్తుతో ఫైల్‌లోకి పంపితే అది యూటీఎఫ్-16లో రాస్తుంది, మధ్యలో కన్వర్టర్ ఇచ్చిన బైట్లని కన్సోల్ కోడ్‌పేజీ ప్రకారం చదివి మరీ. తెలుగు అక్కడే ఖతం. పాన్‌డాక్‌కి '-ఓ' ఆప్షన్‌తో ఫైల్ పేరు ఇచ్చేయండి, షెల్ చేతికి బైట్లు ఇవ్వొద్దు. పవర్‌షెల్ 6 నుంచి > యూటీఎఫ్-8లోనే రాస్తుంది.

ఎక్సెల్ కూడా అంతే. బీఓఎమ్ (ఎన్‌కోడింగ్ తెలిపే మొదటి బైట్లు) లేని సీఎస్‌వీని రెండు క్లిక్కులతో తెరిస్తే సిస్టమ్ కోడ్‌పేజీ అనుకుంటుంది. ఎక్సెల్ కోసం ఇచ్చే సీఎస్‌వీకి పైథాన్‌లో 'యూటీఎఫ్-8-సిగ్' వాడండి.

[14] రాత్రిపాళీ

మూడో జబ్బు నాకు బాగా పరిచయం. మీ వెబ్ పేజీ పీహెచ్‌పీయేనా? కమాండ్ కట్టేముందు ఫైల్ పేరుని 'ఎస్కేప్‌షెల్‌ఆర్గ్'కి (పేరుని కమాండ్‌లో భద్రంగా ఇమిడ్చే ఫంక్షన్) ఇస్తున్నారా?

[15] పాతకాగితాలు

రెండూ నిజమే. ఎలా తెలిసిందండీ?

[16] రాత్రిపాళీ

ఆ ఫంక్షన్ లోకేల్ ప్రకారం చెల్లని మల్టీబైట్ అక్షరాలని తీసేస్తుంది, హెచ్చరిక కూడా ఇవ్వదు. సీ లోకేల్‌లో 80, ఆపైనున్న ప్రతి బైటూ చెల్లనిదే. 'నివేదిక' మొత్తం పోయి చుక్కా, ఎక్స్‌టెన్షనూ మిగులుతాయి. ఒకేసారి ఇద్దరు తెలుగు పేరున్న ఫైళ్లు పంపితే రెండూ '.డాక్స్' అయి ఒకదాని మీద ఇంకోటి పడతాయి, ఒకరి పీడీఎఫ్ ఇంకొకరికి వెళ్తుంది. ఈ ముప్పు గురించి ఎవరూ చెప్పరు. కొత్త పీహెచ్‌పీ వెర్షన్లు మొదట్లోనే సీ.యూటీఎఫ్-8 పెట్టుకోవడానికి చూస్తాయి. పాతదైతే 'సెట్‌లోకేల్'తో ఎల్‌సీ_సీటైప్‌కి మీరే పెట్టాలి.

కానీ నా సలహా అది కాదు. వాడుకరి ఇచ్చిన పేరుని కమాండ్‌లోకే రానివ్వకండి. లోపల ఆస్కీ అక్షరాలూ అంకెలతో ఒక పేరు పెట్టుకోండి, అసలు పేరు డేటాబేస్‌లో ఉంచండి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు తిరిగి తగిలించండి.

[17] కమాండ్‌కనకం

2020లలో సగానికొచ్చాం, ఇంకా ఫైల్ పేర్లు ఇంగ్లీషులోనే పెట్టుకోమంటారా? ఇదెక్కడి న్యాయం!

[18] రాత్రిపాళీ

వాడుకరికి తెలుగు పేరే కనబడుతుంది కదండీ. నేను చెప్పేది డిస్క్ మీది సంగతి. లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఫైల్ పేరు హద్దు 255 బైట్లు. తెలుగులో మూడేసి బైట్లు కాబట్టి 85 కోడ్‌పాయింట్లకే అయిపోతుంది, గుణింతాలూ పొల్లులూ అన్నీ లెక్కలోకి వస్తాయి. వ్యాసం శీర్షికే ఫైల్ పేరుగా పెట్టే అలవాటున్నవాళ్లు దీన్ని తేలిగ్గా దాటేస్తారు. విండోస్‌లో హద్దు 255 యూటీఎఫ్-16 యూనిట్లు, అక్కడ పట్టిన పేరు ఇక్కడ పట్టదు.

[19] యాపిల్‌చెట్టు

దానికి తోడు ఐత్వం. 'ై' అనే గుర్తు యూ+0సీ48, కానీ యూనికోడ్‌లో దాన్ని యూ+0సీ46, యూ+0సీ56 అని రెండుగా విడదీయొచ్చు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లని విడదీసే దాచేది. 'పైరు.టీఎక్స్‌టీ' మ్యాక్ నుంచి లైనక్స్‌కి వస్తే కంటికి అదే పేరు, బైట్లు వేరు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో బొమ్మ లింక్ ఒక రూపంలో, డిస్క్ మీది పేరు ఇంకో రూపంలో ఉంటే ఈపబ్‌లో బొమ్మ దొరకదు. పోల్చేముందు రెండిటినీ ఎన్‌ఎఫ్‌సీకి, అంటే కలిపి రాసే రూపానికి, తేవాలి. తెలుగులో ఇలా విడిపోయేది ఇదొక్కటే, అందుకే చాలా ఫైళ్లు బాగుండి ఎక్కడో ఒకటి మాత్రం మొరాయిస్తుంది.

'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య ఉండే కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) మాత్రం ఎన్‌ఎఫ్‌సీతో పోదు. వెతుకులాటలో దొరకడం లేదంటే దాన్ని విడిగా చూసుకోండి.

[20] కొత్తగా_చేరాను

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు ° ± రావు, పీడీఎఫ్‌లో అన్నీ ఖాళీ డబ్బాలు వస్తున్నాయి. నేనూ లోకేలే మార్చాలా?

[21] బైటుబాబాయి

వద్దు. డబ్బాలంటే అక్షరం క్షేమం, దాన్ని గీయడానికి ఫాంట్ లేదు. 'ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ' కొట్టి చూడండి, ఏమీ రాకపోతే కంటైనర్‌లో తెలుగు ఫాంటే లేదన్నమాట. నోటో సెరిఫ్ తెలుగు లాంటిది ఒకటి వేసుకోండి.

డబ్బాలు వస్తే ఫాంట్. ° ± వస్తే తప్పు ఎన్‌కోడింగ్‌తో చదవడం. ఉత్త ప్రశ్నార్థకాలు వస్తే మధ్యలో ఎవరో ఆస్కీకో 1252కో *రాశారు*, అసలు అక్షరం పోయింది, ఆ ఫైల్‌తో లాభం లేదు. ఆర్‌టీఎఫ్‌లో మాత్రం ప్రశ్నార్థకాలకి ఇంకో కారణం ఉంటుంది. అందులో 'క'ని 3093 అనే అంకెగా రాసి, పక్కన యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రామ్‌ల కోసం ఒక '?' పెడతారు. చదివే ప్రోగ్రామ్ ఆ '?'ని దాటేయడం మరిచిపోతే ప్రతి అక్షరం పక్కనా ఒక ప్రశ్నార్థకం నిలబడుతుంది.

పాన్‌డాక్‌తో పీడీఎఫ్ చేస్తుంటే ఇంజిన్‌గా జీలాటెక్ పెట్టి, 'మెయిన్‌ఫాంట్' అని తెలుగు ఫాంట్ పేరు ఇవ్వండి. పీడీఎఫ్‌లాటెక్ తెలుగుకి పనికిరాదు. లువాలాటెక్ అయితే రెండరర్ హార్ఫ్‌బజ్ అని ప్రత్యేకంగా చెప్పాలి, లేకపోతే వత్తులు కిందికి దిగకుండా పక్కనే కూర్చుంటాయి.

[22] కొత్తగా_చేరాను

ఫాంట్ వేశాను, వచ్చేసింది. చాలా థాంక్స్ అండీ. ఇంకొకటి, పాత డీటీపీ ఫైళ్లు ఉన్నాయి, ఫాంట్ తీసేస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనబడుతుంది. ఐకాన్వ్‌కి ఏ ఎన్‌కోడింగ్ చెప్పాలి?

[23] వత్తుపొల్లు

ఏదీ చెప్పలేరు. అది ఎన్‌కోడింగే కాదు. లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు గీసిన ఫాంట్, ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. ఆ ఫాంట్‌కి సరిపోయే మ్యాపింగ్ పట్టికతో పనిచేసే కన్వర్టర్ వెతకండి. మార్చాక ముందుగా వత్తుల స్థానం చూసుకోండి, తప్పులు దొర్లేది అక్కడే. విడిగా థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిపితే రెండూ చెడతాయి.

[24] పాతకాగితాలు

నా సంగతి చెబుతాను. ఓపెన్ అన్నచోటల్లా ఎన్‌కోడింగ్ పెట్టాను, క్రాన్‌ట్యాబ్‌లో కనకం గారు చెప్పినట్టు ఎల్‌సీ_ఆల్‌కి సీ.యూటీఎఫ్-8 ఇచ్చాను. వెబ్ పేజీలో రాత్రిపాళీ గారి పద్ధతి. లిబ్రేఆఫీస్‌కి టెక్స్ట్ ఫైల్ ఇచ్చేచోట ఇన్‌ఫిల్టర్ ఆప్షన్‌లో యూటీఎఫ్8 అని చెప్పాను. రాత్రి పని మొత్తం నడిచింది.

కానీ దశాంశం గారి నోటివాక్కు ఫలించింది. ఈపబ్ చివర పదసూచికని షెల్‌లో 'సార్ట్' కమాండ్‌తో వరసపెడతాను. ల్యాప్‌టాప్‌లో వచ్చిన వరసకీ సర్వర్‌లో వచ్చినదానికీ పొంతన లేదు. 'కంచు' వెళ్లి 'కచేరి' కంటే ముందు కూర్చుంది, 'క్రమం' 'కౌలు' తర్వాత ఎక్కడో చివర ఉంది.

[25] దశాంశం

సీ.యూటీఎఫ్-8లో వరస అంటే ఉత్త కోడ్‌పాయింట్ వరస. సున్న యూ+0సీ02, అచ్చులూ హల్లులన్నిటికంటే ముందు. పొల్లు యూ+0సీ4డీ, గుణింతపు గుర్తులన్నిటి తర్వాత. మీరు చూసింది సరిగ్గా అదే.

ఎల్‌సీ_ఆల్ తీసేసి ల్యాంగ్‌కి సీ.యూటీఎఫ్-8 ఇవ్వండి. ఎల్‌సీ_ఆల్ ఉన్నంతకాలం ఎల్‌సీ_కొలేట్‌కి (వరస పద్ధతి చెప్పేది) ఏం చెప్పినా వినదు. అప్పుడు ఆ సార్ట్ కమాండ్ ఒక్కదాని ముందు ఎల్‌సీ_కొలేట్‌కి టీఈ_ఐఎన్ పెట్టొచ్చు. ఆ లోకేల్ కంటైనర్‌లో లేకపోతే మళ్లీ నోరెత్తకుండా పాత వరసే ఇస్తుంది, కాబట్టి 'లోకేల్ -ఎ' చూడకుండా నమ్మొద్దు.

[26] కమాండ్‌కనకం

లేదా లోకేల్ జోలికే పోకుండా పైఐసీయూ (భాషల వరసలు తెలిసిన ఐసీయూ లైబ్రరీకి పైథాన్ రూపం) పెట్టి పైథాన్‌లోనే తెలుగు కొలేటర్‌తో వరసపెట్టొచ్చు. పైథాన్ మామూలు 'సార్టెడ్' కూడా కోడ్‌పాయింట్ వరసే ఇస్తుంది, లోకేల్ ఏదైనా సరే. ఐసీయూ అయితే ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే వెర్షన్ వేసుకుంటే ఒకే వరస.

[27] దశాంశం

ఇది నేను చెప్పినదానికంటే నయం. ఇమేజ్ మార్చే అధికారం లేకపోయినా పిప్‌తో వేసుకునే వీలుంటే ఇదే చేయండి. పైఐసీయూకి బిల్డ్ చేసేటప్పుడు సిస్టమ్‌లో ఐసీయూ లైబ్రరీ హెడర్లు కావాలి, అక్కడ ఆగితే వీల్ ఫైల్‌ని (ముందే కట్టిన ప్యాకేజీ) అదే ఇమేజ్ ఉన్న ఇంకో మెషీన్‌లో కట్టి తీసుకురండి.

[28] పాతకాగితాలు

హెడర్ల దగ్గరే ఆగింది. వేరే మెషీన్‌లో కడుతున్నాను.